మిక్స్, మిశ్రమం: చుట్టాలే కానీ తల్లీబిడ్డలు కావు

మీ ప్రశ్న సారాంశం ఇదీ: "ఇంగ్లీషు మిక్స్, సంస్కృతం మిశ్రమం వింటుంటే ఒకే మాటలా ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు సంస్కృతం నుంచి తీసుకున్నారా? మింగిల్, బ్లెండ్, మెడ్లీ, మెస్టిజో, చివరికి మసాలా కూడా ఈ కుటుంబానివేనా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మిక్స్, మిశ్రమం ఒకే మూలం నుంచి వచ్చాయి, ఒకదాని నుంచి ఇంకొకటి రాలేదు. మెడ్లీ, మెస్టిజో ఈ కుటుంబంలోవే. మింగిల్, బ్లెండ్ వేరే వంశాలు. మసాలాకు వీటిలో దేనితోనూ సంబంధం లేదు. ఇక ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే చెవికి ఒకేలా వినిపించడం మీద ఆధారపడితే ఈ విషయంలో ప్రతి రెండో అడుగూ తప్పుతుంది.

సంస్కృతం, లాటిన్, రష్యన్, ఇంగ్లీషు లాంటి భాషలన్నిటికీ తల్లి అనుకునే ఇండో-యూరోపియన్ మూలభాషలో భాషాశాస్త్రవేత్తలు "మెయ్క్" అనే ధాతువును ఊహిస్తారు. కలపడం అని అర్థం. అందులో చివరి క మామూలు క కాదు, నాలుక కాస్త ముందుకు జరిగి పలికే తాలవ్యమైన క. ఈ ఒక్క ధ్వని ఏ భాషలో ఎలా మారిందో చూస్తే చాలు, సగం కథ తేలిపోతుంది. సంస్కృతంలో అది శ అయింది. లాటిన్‌లో క గానే మిగిలింది. లిథువేనియన్‌లో ష, రష్యన్‌లో స, ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో హ అయింది. నూరు అనే మాట చూడండి: సంస్కృతం శతం, లాటిన్ కెంతుమ్, లిథువేనియన్ షిమ్తస్, రష్యన్ స్తో, ఇంగ్లీషు హండ్రెడ్. పది చూడండి: దశ, దెకెమ్, దెషిమ్త్, దెస్యత్, పాత జర్మానిక్ భాష అయిన గోతిక్‌లో తేహున్. ఒక్క మాటలో ఇలా కుదిరితే కాకతాళీయం అనుకోవచ్చు. పదుల కొద్దీ మాటల్లో ఇదే వరస కనిపిస్తే అది నియమం.

ఇప్పుడు మన మాటకు వద్దాం. సంస్కృతం మిశ్ర. లాటిన్‌లో కలపడానికి క్రియ మిస్కేరె. లిథువేనియన్‌లో కలపడం మైషీతి, కలిసినది మిష్రుస్. రష్యన్‌లో పిండి కలిపి పిసకడం మెసీత్, మిశ్రమం స్మెస్. శ, క, ష, స: పైన నూరులోనూ పదిలోనూ చూసిన వరసే. లిథువేనియన్ మిష్రుస్ పక్కన మన మిశ్ర పెట్టి చూడండి, వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు భాషలు ధాతువుతో పాటు ఆ ర ప్రత్యయాన్ని కూడా ఒకేలా నిలుపుకున్నాయి. లిథువేనియాలో ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్, బఠానీలు మయొనైజ్‌లో కలిపి చేసే సలాడ్ పేరు మిష్రైనే. తెలుగువాడు ఆ పేరు వింటే అర్థం అడగక్కర్లేదు.

మరి సంస్కృతమే తల్లి ఎందుకు కాకూడదు? దీనికి మన భాషలోనే ఒక ఆధారం ఉంది. కన్నడం కివి, తెలుగు చెవి. కన్నడం కెరె, తెలుగు చెరువు. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు క కాస్తా చ గా మారడం తెలుగులో జరిగింది. క నాలుక ముందుకు జరిగి చ, శ, స కావడం ప్రపంచంలో ఎన్నో భాషల్లో కనబడుతుంది. శ వెనక్కి నడిచి క కావడం మాత్రం కనబడదు. కాబట్టి లాటిన్‌లోని క సంస్కృత శ నుంచి పుట్టే దారి లేదు, రెండూ అంతకు ముందున్న ఒక క నుంచి విడిపోయాయి. 1786లో కలకత్తాలో న్యాయమూర్తి విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ బహుశా ఇప్పుడు లేని ఒకే మూలభాష నుంచి పుట్టాయని అన్నప్పుడు చెప్పిందీ ఈ అక్కచెల్లెళ్ళ వరసే. ముప్పై ఏళ్ళ తర్వాత, 1816లో, మద్రాసులో కంపెనీ అధికారి ఎల్లిస్ దొర కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ధాతువులు పక్కపక్కన పెట్టి తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, అవి సంస్కృతం నుంచి పుట్టలేదనీ చూపించాడు. మన కలుపు, కలిపి, కలయిక ఆ ద్రావిడ ఇంటివి, మిశ్రమం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. మన వంటింట్లో మిక్సీ ఉంది, పక్క డబ్బాలో మిక్చర్ ఉంది, మిశ్రచాపు తాళంలో మూడూ నాలుగూ కలిసిన ఏడు దెబ్బలున్నాయి. ఈ మూడూ ఒకే ధాతువు మన దాకా రెండు వేర్వేరు దారుల్లో రావడం వల్ల వచ్చినవి.

మిక్స్ ఇంగ్లీషులోకి వచ్చిన తీరు మరీ ఆసక్తికరం. లాటిన్‌లో కలిసినది మిక్స్‌తుస్. అది ఫ్రెంచిలో మిక్స్‌త్ అయి, మధ్యయుగాల చివర్లో ఇంగ్లీషులోకి విశేషణంగా వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ఆ చివరి ట ను తమ భూతకాలపు ప్రత్యయం అనుకున్నారు. వాక్ నుంచి వాక్ట్ వచ్చినట్టు, మిక్స్ట్ ఉంటే దాని వెనక మిక్స్ అనే క్రియ ఉండాలి కదా అని 16వ శతాబ్దంలో దాన్ని పుట్టించారు. అంటే కూతురు ముందు పుట్టి, తల్లిని తర్వాత తయారుచేశారు. పేరు మోసిన మాటల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి, కానీ ఇంత రోజువారీ మాటకు ఈ చరిత్ర ఉందని చాలామందికి తెలియదు. అంతకు ముందు ఇంగ్లీషులో కలపడానికి సొంత మాట మెంగన్. దాని వారసులే మింగిల్, మాంగ్రెల్ అనే సంకరజాతి కుక్క, అన్నిటికన్నా బాగా దాక్కున్నది అమాంగ్. అమాంగ్ అంటే మొదట్లో "గుంపులో కలిసి" అనే. ఇవన్నీ వేరే ధాతువు పిల్లలు, మిశ్రంతో చుట్టరికం లేదు. కలపడానికి జర్మన్ మాట మిషెన్ సంగతి ఇప్పటికీ వాదనలో ఉంది. స్క అనే జంట ధ్వని జర్మానిక్ భాషల్లో మారకుండా ఉండిపోతుంది కాబట్టి, అది సొంత వారసత్వమో లాటిన్ నుంచి అరువో ధ్వనులను బట్టి తేల్చలేం, నిఘంటువులు రెండు రకాలుగానూ రాస్తున్నాయి.

లాటిన్ మిస్కేరె పిల్లలు ఇళ్ళు మారి స్వభావాలు కూడా మార్చుకున్నారు. ఇటాలియన్‌లో మేషెరె అంటే వైన్ గ్లాసులోకి వంపడం. వైన్‌లో నీళ్ళు కలిపి పోసే రోజుల్లో కలపడం, పోయడం ఒకే పని, ఆ తర్వాత కలపడం మానేశారు, మాట మిగిలింది. పోర్చుగీసులో మెషేర్ అంటే కదిలించడం, ముట్టుకోవడం. గిలకొట్టి వేయించిన గుడ్లు ఓవొష్ మెషీదొష్, దుకాణంలో పిల్లవాడు వస్తువు మీద చెయ్యి వేస్తే "నావ్ మెషా" అంటారు, ముట్టుకోకు అని. స్పానిష్‌లో మెథేర్ మరీ మెత్తబడిపోయింది: ఉయ్యాల ఊపడం. గరిటెతో కలపడం నుంచి కదపడం, కదపడం నుంచి ఊపడం. అర్థం ఒక్కో అడుగూ చిన్నదే, చివరికి చేరిన చోటు మాత్రం చాలా దూరం.

లాటిన్ చివరి దశలో జనం నోట మిస్కేరెకు ఇంకో రూపం పుట్టింది: మిస్కులారె. దాని నుంచి స్పానిష్ మెథ్‌క్లార్, ఇటాలియన్ మెస్కొలారె, పాత ఫ్రెంచి మెస్లే. ఇప్పటి ఫ్రెంచి స్పెల్లింగులో ఆ మాట అచ్చు మీద చిన్న టోపీ ఉంటుంది, అది పోయిన స గుర్తు. నార్మన్‌లు ఇంగ్లండుకు తెచ్చిన ఫ్రెంచి యాసలో ఆ స కాస్తా డ అయి మెడ్లె అయింది. అక్కడి నుంచే ఇంగ్లీషు మెడ్లీ, మెడిల్. 14వ శతాబ్దంలో మెడిల్ అంటే రెండు పదార్థాలు కలపడమే. ఇప్పుడు? అడగకుండా పరాయి వ్యవహారంలో దూరడం. రష్యన్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది: మెషాత్ అంటే టీలో చక్కెర కలపడం, అదే మెషాత్ అంటే అడ్డు తగలడం. "నె మెషాయ్" అంటే విసిగించకు. మనం ఇదే పనికి వేలు పెట్టడం అంటాం, గరిటె బదులు వేలు.

మెడ్లీకి మొదటి అర్థం పాటల గుత్తి కాదు, ముష్టియుద్ధం లాంటి కలబడి కొట్టుకునే పోరు. అదే మాట ఫ్రెంచిలో స పోగొట్టుకుని మేలే అయ్యాక 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు రెండోసారి అరువు తెచ్చుకున్నారు, ఈసారి కూడా కొట్లాట అర్థంతోనే. ఒకే మాట రెండుసార్లు రావడంతో ఇద్దరూ పని పంచుకున్నారు. కొట్లాట మేలే తీసుకుంది, పాటలూ ఈతపోటీలూ మెడ్లీకి దక్కాయి. ఇటాలియన్ మిస్కియా కూడా తోపులాట, కొట్లాటే. ఇది వాళ్ళ ప్రత్యేకత అనుకోకండి. తెలుగులో "ఇద్దరూ కలబడ్డారు" అన్నప్పుడు మనం ఏమంటున్నాం? ఎవరి చెయ్యి ఎవరిదో తెలియనంతగా కలిసిపోవడమే పోట్లాట. ఏ బంధుత్వమూ లేని రెండు కుటుంబాలు ఒకే దారి తొక్కాయి. వ్యుత్పత్తులు చూసేటప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ మాటల చరిత్ర దాటి మనుషులు ఆలోచించే తీరు కనబడుతుంది. ఫ్రెంచి పెల్‌మెల్ కూడా ఈ కుటుంబంలోదే, కలగాపులగం అని అర్థం. మెస్ల్ మెస్ల్ అని రెట్టించి, మొదటిదాని తల మార్చారు. మనం పుస్తకం గిస్తకం అన్నట్టే, కాకపోతే మనం రెండోదాని తల మారుస్తాం.

ఇక మస్టాంగ్ సంగతి. ఫోర్డ్ కారు పేరుగా అందరికీ తెలిసిన ఈ మాటలో మిశ్రం ఎక్కడుందని అడుగుతారేమో, కాస్త ఓపిగ్గా వినండి. మధ్యయుగపు స్పెయిన్‌లో గొర్రెల కాపరులు వేసవికి ఉత్తరపు కొండలకూ, చలికాలానికి దక్షిణపు మైదానాలకూ మందలు తోలుకుపోయేవారు. వందల మైళ్ళ దారి. దారిలో మందలు కలిసిపోయేవి, కొన్ని జీవాలు ఎవరివో తెలియకుండా మిగిలిపోయేవి. అలా కలిసిపోయిన జీవాలకు లాటిన్‌లో అనిమాలియా మిక్స్‌తా అని పేరు. కాపరులు ఏడాదిలో కొన్నిసార్లు కూడి, ఆ దిక్కులేని జీవాల లెక్క తేల్చుకునేవారు. ఆ కూటమికి మెస్తా అనే పేరు వచ్చింది. 1273లో పదో అల్ఫోన్సో రాజు ఆ కాపరుల సంఘానికి అధికార పత్రం ఇచ్చాడు. మెరినో జాతి గొర్రెల ఉన్ని వ్యాపారం పెరిగిన కొద్దీ మెస్తా రాజ్యంలోనే బలమైన సంస్థ అయింది. మందలు పోయే దారికి రైతు అడ్డం వచ్చి దున్నకూడదన్నంత బలం. 1836లో గాని రద్దు కాలేదు.

మెస్తాకు చెందిన, అంటే యజమాని తెలియని జంతువును మెస్తేన్యో, మెస్తెంగో అనేవారు. స్పానిష్‌వాళ్ళు అమెరికాకు గుర్రాలను తీసుకెళ్ళారు, కొన్ని తప్పించుకుని మైదానాల్లో పెరిగి అడవి గుర్రాల మందలయ్యాయి. వాటికి మెక్సికోలో అదే పేరు పెట్టారు, యజమాని లేని గుర్రం కదా. 19వ శతాబ్దం మొదట్లో అది ఇంగ్లీషులో మస్టాంగ్ అయింది. స్పానిష్‌లో ఇదే అర్థానికి మొస్త్రెంకో అనే మాట కూడా ఉంది. తప్పిపోయిన జీవాన్ని నలుగురికీ చూపించి ఇది ఎవరిదని అడగాలి కాబట్టి, చూపించడం అనే అర్థమున్న మొస్త్రార్ క్రియ ప్రభావంతో మెస్తెంకో కాస్తా మొస్త్రెంకో అయిపోయింది. మూడు మాటలు, ఒక గొర్రెల దారి.

మెస్టిజో ఇంత దూరం తిరగలేదు. చివరి కాలపు లాటిన్ మిక్స్‌తికియుస్ నుంచి స్పానిష్ మెస్తిథొ, పోర్చుగీస్ మెష్తీసు, ఫ్రెంచి మేతిస్. మిశ్రమ సంతానం అని అర్థం. వలస రాజ్యాల్లో ఈ మాట మనుషులకు తక్కువ చోటు చూపించడానికి వాడారు, ఆ సంగతి దాచి దీని వ్యుత్పత్తి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ కెనడాలో కథ మలుపు తిరిగింది. బొచ్చు తోళ్ళ వ్యాపారం కోసం వచ్చిన ఫ్రెంచివాళ్ళకూ, క్రీ మొదలైన ఆదిమజాతుల స్త్రీలకూ పుట్టినవారు మేతీలుగా తమకంటూ ఒక జాతి అయ్యారు. 1982 నాటి కెనడా రాజ్యాంగ చట్టంలో 35వ విభాగం ఆదిమ ప్రజల్లో వారిని పేరు పెట్టి గుర్తించింది. వారి భాష మిచిఫ్. మేతిఫ్ అనే పాత ఉచ్చారణలో తి కాస్తా చి అయి వచ్చిన పేరు. ఆ భాషలో నామవాచకాలు చాలావరకు ఫ్రెంచివి, లింగభేదంతో సహా. క్రియలు క్రీ భాషవి, వాటి సంక్లిష్టమైన ప్రత్యయాలతో సహా. సాధారణంగా భాషలు కలిసినప్పుడు వ్యాకరణం సులువవుతుంది, ఇక్కడ రెండు వైపుల కష్టమూ అలాగే నిలిచింది. భాషాశాస్త్రంలో మిశ్రమభాష అనగానే మొదట చూపించే ఉదాహరణల్లో ఇదొకటి, పేరులోనూ మిశ్రమే.

ఇప్పుడు మీరడిగిన బ్లెండ్. ఇది స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది. స్వీడిష్‌లో ఇప్పటికీ కలపడం బ్లాందా. ఈ ధాతువుకు మూలంలో ఉన్న భావం కలపడం కన్నా కలక అంటే బాగుంటుంది: నీటిని కదిపితే అడుగు బురద లేచి కనబడకుండా పోవడం. అందుకే బ్లైండ్ దీని తోబుట్టువు. లిథువేనియన్‌లో బ్లందుస్ అంటే చిక్కగా, మసకగా ఉన్నది, ప్రియెబ్లందా అంటే మునిమాపు. దారి కనబడకపోతే ఏమవుతుంది? రష్యన్‌లో జబ్లుదీత్సా, దారి తప్పడం. బైబిల్‌లోని తప్పిపోయిన కుమారుడు వారికి బ్లూద్నీ సిన్. పోలిష్‌లో బ్వొంద్ అంటే తప్పు, ఏ తప్పయినా సరే. కలక నుంచి మసక, మసక నుంచి దారి తప్పడం, దారి తప్పడం నుంచి పొరపాటు. మనకూ నీళ్ళు కలగడం, మనసు కలత పడటం, కంటికి వచ్చే కళ్ళకలక పక్కపక్కనే ఉన్నాయి. సాయంత్రపు వెలుతురుకూ చూపుకూ మసక అనే ఒక్క మాటే వాడతాం.

గ్రీకులు ఇంకో ధాతువు వాడారు. విందులో వైన్‌ను నీళ్ళు కలపకుండా తాగడం అనాగరికం అనుకునేవారు, అందుకు పెద్ద వెడల్పు నోటి పాత్ర పెట్టి అందులో కలిపేవారు. ఆ పాత్ర పేరు క్రాతేర్. అగ్నిపర్వతం నోరు, చంద్రుడి మీద గుంటలు ఆ పాత్ర ఆకారంలో ఉన్నాయని క్రేటర్ అయ్యాయి. కలపడానికి నామవాచకం క్రాసిస్, దాని నుంచి నేటి గ్రీకులో వైన్‌కు రోజువారీ మాట క్రసీ. ఏథెన్స్ హోటల్లో క్రసీ అడిగితే నీళ్ళు కలపని వైనే తెచ్చిస్తారు. సంస్కృతంలో దీని చుట్టం ఋగ్వేదంలో ఉంది: సోమరసంలో పాలు కలపడం శ్రీణాతి, ఆ కలిపే పాలు ఆశిర్. గ్రీకులో క, సంస్కృతంలో శ, మళ్ళీ మొదట చెప్పిన నియమమే.

లాటిన్ తెంపెరారె మాత్రం సరైన పాళ్ళలో కలపడం. టెంపరేచర్, టెంపర్, టెంపెరమెంట్ దాని నుంచే. ఒంట్లో నాలుగు ద్రవాలు ఏ పాళ్ళలో కలిస్తే మనిషికి ఆ స్వభావం అనే పాత వైద్యం వీటి వెనక ఉంది. పాళ్ళు తప్పితే రోగం, అందుకే కుక్కలకు వేయించే టీకా డిస్టెంపర్‌కు. గోడలకు వేసే డిస్టెంపర్ కూడా అదే మాట, అక్కడ రంగును నీళ్ళలో కలపడం. పోర్చుగీసులో తెంపెరార్ అంటే వంటకు రుచులు కలపడం. వాళ్ళు శ్రీలంకలో ఉన్న కాలంలో ఆ మాట సింహళంలోకి తెంపరాదు అయి చేరింది, ఇప్పటికీ ఉల్లిపాయా కరివేపాకూ నూనెలో వేయించి కలిపే వంటకాలకు అదే పేరు.

కన్‌ఫ్యూజ్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. లాటిన్ కొన్‌ఫుందెరె అంటే రెండు ద్రవాలను కలిపి పోసెయ్యడం. పోయడం అనే ఆ ధాతువు మనకు సంస్కృతంలో హు: అగ్నిలో నెయ్యి పోయడం. హోమం, హవిస్సు, ఆహుతి అక్కడివే.

చివరగా, ఒకేలా వినిపించి మోసం చేసే మాటలు. మసాలా అరబీ మసాలిహ్ నుంచి వచ్చింది, కావలసిన సామగ్రి అని. హిందీలో పటికబెల్లాన్ని మిశ్రీ అంటారు, అది మిశ్రమం కాదు, ఈజిప్టుకు అరబీ పేరైన మిస్ర్ నుంచి వచ్చింది. ఇంగ్లీషు మిస్ట్, పొగమంచు, మన మేఘానికి చుట్టం. మిస్టేక్‌లోని మిస్ వేరే. హాస్టల్ మెస్ ఉంది చూశారూ, చాలామంది దాన్ని మిక్స్ ఖాతాలో వేస్తారు. అది లాటిన్ మిస్సుస్ నుంచి వచ్చింది, బల్ల మీదికి పంపిన వంటకం అని అర్థం. వంటకం నుంచి కలిసి తినే బృందం, అక్కడి నుంచి సైనికుల భోజనశాల, మన మెస్. ఇంకోవైపు జావలాంటి తిండి అనే అర్థం నుంచి గందరగోళం అనే అర్థం వచ్చింది. కాబట్టి ఏ మాటైనా అనుమానం వస్తే ముందు దాని పాత రూపాలు శతాబ్దాల వారీగా వెతకండి, తర్వాత ధ్వనులు నూరు, పది మాటల్లోలా వరసలో మారాయో లేదో చూడండి, అర్థం చివర్న చూడండి. ఇంకేదైనా మాట మీద సందేహం ఉంటే కింద రాయండి, ముఖ్యంగా లిథువేనియన్, రష్యన్ మాటలు.